మూడో ట్రే

సైన్స్ గదిలో గడ్డి వేళ్ళ గురించి పాఠం నడుస్తుంటే, అదే గది కిటికీ అవతల గునపం వాళ్ళమ్మ గడ్డి చెక్కుతోంది.

గునపం అంటే ఎనిమిదో తరగతి పిల్ల. ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ అది హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఒక మాట పట్టుకుందంటే రాయి కదిలేదాకా వదలదని లెక్కల మాస్టారు ఒకసారి విసుక్కున్నారు. ఆ విసుగే పేరై కూర్చుంది. చూడ్డానికి ఈనెపుల్లలా ఉంటుంది, కోపం మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడా ఉంటుంది. వాళ్ళమ్మ ఆ బడిలో ఆయా. పొద్దున తాళాలు తీసేదీ, గదులు ఊడ్చేదీ, గంట కొట్టేదీ, ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడిచేదీ ఆవిడే. ఉద్యోగం పర్మనెంటు కాదు. పెద్దసార్ ఉండమన్నన్నాళ్ళు ఉండటం, వద్దన్న రోజున పోవడం.

బడి వెనక పెద్ద గట్టు ఉంది. నిలువెత్తుకి రెండింతలు ఉంటుంది. దాని పాదాన్ని ఆనుకుని ఒకటో తరగతి గది, ఆ పక్కన సైన్స్ గది. గట్టు నిండా మోకాళ్ళెత్తు గడ్డి. అక్కడక్కడా దాంట్లోంచి బట్టతలలా బయటికొచ్చిన రాళ్ళు.

ఆ రాళ్ళలో ఒక ముక్కనే ఆ రోజు సైన్స్ మేడం క్లాసుకి తెచ్చింది. వేలితో గీరితే పొరలు పొరలుగా రాలుతోంది.

"శిలాశైథిల్యం," అంది మేడం. "నోరు తిరక్కపోతే రాయి నలగడం అనుకోండి."

"పరీక్షలో అలాగే రాయొచ్చా మేడం?" వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"రాస్తే మార్కులు రావు. కానీ అర్థమవుతుంది కదా."

పిల్లలు నవ్వారు. మేడం ఆ ఏడాదే వచ్చింది. మెత్తటి మనిషి, గొంతు కూడా మెత్తన. పుస్తకం చదివించి ఊరుకోకుండా పిల్లల చేతులకి మట్టి అంటించే టీచరు ఆ బడిలో ఆవిడొక్కతే. అందుకే గునపానికి ఆవిడంటే ప్రాణం. బల్ల మీద వాలుగా పెట్టిన మూడు ట్రేలలో మొదటిదాంట్లో గడ్డి పెంచే పని మేడం ఆ పిల్లకే అప్పగించింది. రోజూ బడికి ముందే వచ్చి, అరచేత్తో నీళ్ళు చిలకరించి, కలుపు ఏరి, ఎలక తవ్వితే మళ్ళీ సర్ది, ఆ గడ్డిని చంటిపిల్లని సాకినట్టు సాకింది. రెండో ట్రేలో మట్టి మీద ఎండుటాకులు పరిచారు. మూడోదాంట్లో ఉత్త మట్టి. ఒక్కో ట్రే అంచు కింద ఒక్కో గాజు గ్లాసు.

"రాయి ఎండకి కాగుతుంది, వానకి తడుస్తుంది, పగుళ్ళలోకి వేళ్ళు దూరతాయి. అట్లా నలిగి నలిగి వందల ఏళ్ళకి ఇంత పైమట్టి తయారవుతుంది." మేడం బొటనవేలి గోరు చూపించింది. "ఇది పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఇప్పుడు చూద్దాం."

చిల్లుల డబ్బాతో మూడింటి మీదా ఒకేలా నీళ్ళు పోసింది. గడ్డి ట్రే కింద గ్లాసులోకి ఆలస్యంగా, చుక్కలు చుక్కలుగా, దాదాపు తేటగా దిగాయి. ఆకుల ట్రే కింద కొంచెం రంగు తేలింది. మూడో ట్రేలో నీళ్ళు పడుతూనే మట్టి మీద చిన్న గాడి పడింది. చూస్తుండగానే గాడి కాలవైంది. గ్లాసులోకి చిక్కటి బురద జారింది. ట్రే పైఅంచున మట్టి పోయి అడుగు ఇనుము కనపడింది.

పిల్లలంతా ఆ గ్లాసు కోసం ఎగబడ్డారు. నాకంటే నాకని గోల. ఆ గోలలో మేడం బురద నీళ్ళు పారబోయడానికి గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. గునపం అప్పటికే అక్కడ ఉంది. ఆ పిల్ల చూపు గ్లాసు మీద లేదు, బయట వాళ్ళమ్మ మీద ఉంది.

గట్టు మధ్యలో వంగి అమ్మ పారతో గడ్డి చెక్కుతోంది. కింద పెద్దసార్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"మొదళ్ళు వదిలేశావేంటమ్మా? వారం తిరక్కుండా మళ్ళీ మొలుస్తాయి. వేళ్ళతో సహా రావాలి. గట్టు మొత్తం గోడకి పూత పెట్టినట్టు నున్నగా ఉండాలి. కమిటీ వాళ్ళకి ఒక్క పరక కనిపించకూడదు."

"అలాగే సార్," అంది అమ్మ. పార ఇంకొంచెం లోతుగా దించింది.

మేడం గ్లాసు వంచబోయి ఆగింది. పారబోయకుండానే వెనక్కి తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"మేడం," అంది గునపం. "మరి గట్టు మీద గడ్డి ఎందుకు తీయిస్తున్నారు?"

"అది పెద్దసార్ చూసుకుంటారమ్మా. మనం పాఠం చూద్దాం."

"పాఠం అదే కదా మేడం."

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "కూర్చో," అంది.

కూర్చుంది గానీ ఒళ్ళంతా కుతకుత ఉడుకుతూనే ఉంది. క్లాసులో చేతులు మారి తన దాకా వచ్చిన రాయిముక్క చేతిలో అలాగే ఉండిపోయింది.

*

'పచ్చని బడి' అని ఒక పోటీ పెట్టారు. ఏ బడి ఆవరణ బాగుంటే ఆ బడికి బహుమతి, గోడకి తగిలించుకోవడానికి పెద్ద ఫలకం. చూడ్డానికి కమిటీ వస్తుంది. పచ్చగా కనపడాలని పెద్దసార్ మొదట చేసిన పని, పచ్చగా ఉన్నదాన్నంతా పీకించడం. దాని బదులు నర్సరీ నుంచి పూలకుండీలు అరువు తెప్పించాడు. గట్టు మీద మెట్లలా చెక్కించి, కుండీలు వరసగా పెట్టి, మధ్యలో సున్నం గీతలు వేయిస్తాడట.

ఇంటర్వెల్‌లో గునపం గట్టెక్కింది. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెక్కిన మేరని పార వెనకతో చదును చేస్తోంది. అమ్మ ఏ పని చేసినా అంతే. ఊడిస్తే చీపురు గీతలు కూడా వరసగా ఉండాలి.

"ఎలా ఉంది?" అంది అమ్మ, చెమట తుడుచుకుంటూ. చూపులో కొంచెం గర్వం.

"బాలేదు. మొత్తం కిందికొస్తుంది. గడ్డే పట్టుకుని ఉంచుతుందంట మట్టిని. వేళ్ళు తీసేస్తే వాన రాగానే జారిపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"సైన్స్ మేడం. ఇప్పుడే. ట్రేలో చూపించింది."

"మీ మేడం ట్రేలో చెప్పింది. మీ పెద్దసార్ నా నెత్తి మీద నిలబడి చెప్పాడు. నేనెవరి మాట వినాలి?"

"ఇది పద్ధతి కాదని చెప్పొచ్చుగా."

"చెప్పి ఇంటికెళ్ళి నీ మొహం చూస్తూ కూర్చోనా? ఈ ఏడు పర్మనెంటు చేయిస్తానన్నాడు. పో, గంట కొట్టే టైమైంది. అదీ నేనే కొట్టాలి." అమ్మ పార ఎత్తింది. "ఆ మొహం మామూలుగా పెట్టుకుని పో. చూసేవాళ్ళు నేను కొట్టాననుకుంటారు."

గునపం క్లాసుకి పోలేదు. తిన్నగా పెద్దసార్ గదికి పోయింది. లోపల మేడం కూడా ఉంది, ఏదో కాగితం మీద సంతకం కోసం నిలబడి. మేడం ఉండటం చూసి గునపానికి ధైర్యం వచ్చింది. చెప్పాల్సిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

పెద్దసార్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చంటిపిల్ల ముద్దుమాటలు విన్నట్టు నవ్వాడు.

"గడ్డంటే పిచ్చిమొక్కేనమ్మా. పాములు చేరతాయి. కింద చిన్నపిల్లల గది ఉంది కదా, ఆ సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు. ఏం మేడం, మీ శిష్యురాలు మనకి పాఠం చెబుతోంది?"

మేడం కాగితం అంచు సరిచేసుకుంటూ నవ్వీనవ్వనట్టు నవ్వింది. "చిన్నపిల్ల కదా సార్," అంది.

ఆ మాట గునపానికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. పిడికిలి బిగిసింది. అందులోని రాయి నలిగి, పొడిపొడిగా పెద్దసార్ బల్ల మీది అద్దంపై రాలింది.

పెద్దసార్ ఒంగి, ఫూ అని ఊదేశాడు. "క్లాసుకెళ్ళమ్మా."

*

కమిటీ రావడానికి ఇంకా మూడ్రోజులుందనగా వాన పడింది. పెద్ద గాలివానేం కాదు. ఆ కాలంలో మామూలుగా పడేదే, కాకపోతే సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేదాకా తెరిపి ఇవ్వలేదు.

పొద్దున్నే తాళాలు తీయడానికి అమ్మతో పాటు గునపం కూడా వచ్చింది, తన ట్రేకి నీళ్ళు పెట్టాలి కదా అని. ఒకటో తరగతి గది తాళం వచ్చింది గానీ తలుపు రాలేదు. అమ్మ భుజం పెట్టి నెట్టింది. కదల్లేదు. గునపం పక్కకెళ్ళి కిటికీలోంచి తొంగిచూసి అక్కడే ఉండిపోయింది.

వెనక గోడకున్న కిటికీ ఊచలతో సహా లోపలికి ఒరిగి ఉంది. గట్టు దాంట్లోంచి గదిలోకి దిగింది. చిట్టికుర్చీలు కూర్చునే మేర దాకా మునిగి, వీపులు మాత్రం పైకి తేలి ఉన్నాయి. పిల్లలు రంగులేసిన సీతాకోకచిలకల కాగితాలు గోడ మీంచి బురదలోకి వేలాడుతున్నాయి. గది మధ్యలో ఒక పూలకుండీ పక్కకి పడుకుని ఉంది, పువ్వు చెక్కుచెదరకుండా.

"తల్లీ," అంది అమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "పిల్లలు ఉన్నప్పుడైతేనో."

నేను చెప్పానా అని గునపం అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది గానీ అమ్మ మొహం చూసి మింగేసింది.

పెద్దసార్ గొడుగేసుకుని వచ్చాడు. వెనకే ఇంకో గొడుగులో మేడం. పెద్దసార్ కిటికీలోంచి చూశాడు, గట్టు వైపు చూశాడు, అతని నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది:

"కుండీలన్నీ పగిలాయా?"

ఆ వెంటనే అమ్మ వైపు తిరిగాడు.

"ఎంత లోతు తవ్వావు నువ్వు?"

"మీరు చెప్పినట్టే సార్."

"నేను చెప్పినట్టా? పైపైన చెక్కమన్నాను. కాస్త శుభ్రం చెయ్యమంటే కొండని తవ్విపెట్టావు. చెప్పేదొకటి, నువ్వు చేసేదొకటి. ముందీ బురదంతా ఎత్తిపొయ్యి. కమిటీ వచ్చి వెళ్ళాక నీ సంగతి చూస్తాను. వచ్చే నెల నుంచి ఇంకో మనిషిని పెట్టుకుంటాం."

"వేళ్ళతో సహా రావాలన్నారు," అంది గునపం. "నేను విన్నాను."

"నువ్వు వినకపోతే ఎవరు వింటారమ్మా? నీ తల్లి కదా."

గునపం మేడం వైపు చూసింది. చూసి ఊరుకోలేదు, కళ్ళు తిప్పకుండా అలాగే చూస్తూ ఉంది. వాన ఆగిపోయింది కాబట్టి మేడం గొడుగు మూస్తోంది. ఆ గొడుగు మూయడానికి అంతసేపు ఎందుకు పట్టిందో ఆవిడకే తెలియాలి. ఒక్కో మడతా సర్దింది, పట్టీ చుట్టింది, బొత్తాం పెట్టింది. తల మాత్రం ఎత్తలేదు.

*

మధ్యాహ్నం సైన్స్ గదిలో మేడం ఒక్కతే ఉన్నప్పుడు గునపం లోపలికి వెళ్ళింది. మేడం పెద్ద చార్టు ఒకటి కిటికీకి అడ్డంగా తగిలిస్తోంది. నేల పొరల బొమ్మ. పైన పచ్చటి గడ్డి, దాని కింద నల్లటి పైమట్టి, దాని కింద ఎర్రమట్టి, అట్టడుగున రాయి. ఎంతో శ్రద్ధగా రంగులేసి ఉంది. దాని వెనక ఉన్న గట్టు మాత్రం ఇక కనపడదు.

"పెద్దసార్ పెట్టమన్నారా?"

మేడం ఔననలేదు, కాదనలేదు. "ఎల్లుండి ట్రేల దగ్గర నువ్వే మాట్లాడాలి. నీ గడ్డి కదా," అంది.

"మీరు కూడా విన్నారు మేడం. గ్లాసు పట్టుకుని నా పక్కనే ఉన్నారు."

మేడం స్టూలు దిగింది. "నా రిపోర్టు రాసేది ఆయనేనమ్మా. వచ్చి ఏడాది కూడా కాలేదు. నీకిప్పుడు అర్థం కాదు."

"మరి పాఠం ఎందుకు చెప్పారు?"

"సిలబస్‌లో ఉంది కాబట్టి."

అన్నాక, అన్నమాట తనకే వినపడ్డట్టు మేడం మొహం పాలిపోయింది. ఏదో సర్దిచెప్పబోయింది. వినడానికి గునపం అక్కడ లేదు.

ఇంట్లో ఆ సాయంత్రం పళ్ళెంలో అన్నం పెట్టుకుని ఒక్క ముద్ద కూడా తినలేదు. అమ్మమ్మ మంచం మీంచి చూస్తూ, "దీని కోపంతో పొయ్యి వెలిగించుకోవచ్చు, గ్యాసు మిగులుతుంది," అంది.

అమ్మ నవ్వలేదు. రోజంతా బురద ఎత్తిన చేతులు బొబ్బలెక్కి, ముద్ద కలపడానికి కూడా వంగడం లేదు.

"ఇటు చూడు," అంది అమ్మ. "ఎల్లుండి వాళ్ళ ముందు గట్టు గురించి నోరు మెదిపావంటే నా మీద ఒట్టు. నేను కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఉద్యోగం నిలబెట్టుకుంటాను. నువ్వు మాట్లాడితే అదీ పోతుంది."

"తప్పు చెయ్యకుండా కాళ్ళు పట్టుకుంటావా?"

"తప్పు చేస్తేనే పట్టుకోవాలని ఎక్కడైనా ఉందా? ఒట్టెయ్."

"అమ్మా."

"ఒట్టెయ్."

వేసింది. వేస్తూ అమ్మ అరచేతిని గట్టిగా కొట్టింది. బొబ్బ మీద తగిలి అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది గునపానికి. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

*

కమిటీలో ఇద్దరే. నెరిసిన జుట్టుని ముడేసుకున్న పెద్దావిడ ఒకరు, కెమెరా మెడలో వేసుకున్న కుర్రాయన ఒకరు. ముందు ఆవరణ చూపించారు. సున్నం గీతలు, మిగిలిన కుండీలు, ఉతికిన బట్టల్లో పిల్లలు. ఒకటో తరగతి గదికి తాళం పెట్టి, 'మరమ్మతు జరుగుతున్నది' అని కాగితం అంటించారు. అమ్మని వెనక వైపే ఉండమన్నారు. గదిలోంచి తీసిన బురద గోడవారగా కుప్పలుగా పడి ఉంది, దాన్ని గంపకెత్తి దూరంగా పారబోయడం ఆవిడ పని.

సైన్స్ గదిలో గునపం ట్రేల వెనక నిలబడింది. మేడం చిల్లుల డబ్బా పట్టుకుని పక్కన ఉంది. ఆ రెండ్రోజులుగా ఇద్దరి మధ్యా పలుకే లేదు.

గునపం చెప్పాల్సింది చెప్పింది. గొంతులో కోపం ఉంది గానీ అది చురుకుదనం అనుకున్నారు. నీళ్ళు పోశారు. మూడో గ్లాసు బురదతో నిండింది. పెద్దావిడ ఒంగి మూడు గ్లాసులూ వరసగా చూసి, మెచ్చుకోలుగా తల ఆడించింది.

"బాగా చెప్పావు. మరి ఇలాంటిది బయట ఎక్కడైనా చూశావా? ట్రేలో కాకుండా?"

వచ్చిపోయేవాళ్ళందరూ అడిగే మామూలు ప్రశ్నే. పెద్దసార్ పెద్దావిడతో గబగబా, "నదుల దగ్గర, పొలాల్లో చూసే ఉంటుంది మేడం," అన్నాడు.

గునపం నోరు తెరవలేదు. ఒట్టు ఒట్టే. తిన్నగా కిటికీ దగ్గరికి నడిచింది. చార్టుకి కింద ఉన్న కర్రని రెండు చేతులతో పట్టుకుని, మేకు మీంచి పైకెత్తి, పక్కన గోడకి ఆనించి పెట్టింది.

ఎదురుగా గట్టు. పైనుంచి కిందిదాకా ఎర్రగా చీరుకుపోయి, అన్నీ ట్రేలో పడినట్టే గాడులు, ఒక్కోదాంట్లో మనిషి పడుకోవచ్చు. పై అంచున ఎలుగుబంటి జుట్టులా కాస్త గడ్డి మిగిలింది. కింద అమ్మ, నెత్తి మీద గంపతో, కిటికీ తెరుచుకోవడం చూసి నిలబడిపోయింది.

మూడో ట్రే నుంచి గ్లాసులోకి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

పెద్దావిడ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇక్కడ గడ్డి ఉండేదా?"

"ఆయాకి కాస్త పైపైన చెక్కమని చెప్పాం," అన్నాడు పెద్దసార్. "పాపం అమాయకురాలు. తెలీక లోతుగా తవ్వేసింది. చర్య తీసుకుంటున్నాం."

"ఏమ్మా," అని పెద్దావిడ ఊచల్లోంచి అడిగింది. "ఎంత లోతు చెక్కావు?"

"చెప్పినంత," అంది అమ్మ.

"ఎవరు చెప్పినంత?"

అమ్మ తల దించుకుంది. గంపలోంచి బురద నీళ్ళు చెంప మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గునపం కింది పెదవి పళ్ళతో పట్టి ఉంచింది. తను చెప్పినా ఆ గదిలో ఎవరూ నమ్మరు, కూతురు కాబట్టి. నమ్మే మాట చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కతే. ఆ మనిషి వైపు మాత్రం చూడలేదు. చూడాలనిపించలేదు. చూసి ఇంకోసారి ఆ వంచిన తల కనపడితే, తర్వాత ఈ బడిలో తనెలా కూర్చోవాలో తెలీదు.

వెనక డబ్బా బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"వేళ్ళతో సహా తీయమన్నారు సార్," అంది మేడం గొంతు. ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "గోడకి పూత పెట్టినట్టు ఉండాలన్నారు. ఆ రోజు నేను ఇదే కిటికీ దగ్గర ఉన్నాను. ఇదే పాఠం చెబుతున్నాను."

పెద్దసార్ నవ్వడానికి ప్రయత్నించాడు. "మేడం, మీరేదో పొరబడ్డారు."

"లేదు సార్. ఈ అమ్మాయి ముందే వచ్చి మీకు చెప్పింది. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. చిన్నపిల్ల అని తోసేశాను."

పెద్దావిడ ఎవర్నీ ఏమీ అనలేదు. తాళం వేసిన గది తీయించి చూసింది. చూసి వచ్చాక, ఆ గట్టు నిలదొక్కుకునేదాకా దాని కింద ఏ పిల్లనీ కూర్చోబెట్టొద్దని అంది. ఆయాని తీసేస్తే కారణం తనకి రాతపూర్వకంగా పంపాలంది. అంతే. కుర్రాయన గట్టుకి ఫొటో తీసుకున్నాడు. కారెక్కి వెళ్ళిపోయారు.

బహుమతి ఇంకో బడికి వచ్చింది. ఆ బడి ఆవరణలో గడ్డిపరక లేదట, కుండీలు మాత్రం బోలెడట.

*

"నోరు మెదపనని ఒట్టేశావు," అంది అమ్మ, కమిటీ వచ్చి వెళ్ళిన సాయంత్రం.

"మెదపలేదుగా."

"చేతులు కట్టుకోమని కూడా ఒట్టేయించుకోవాల్సింది. నాదే బుద్ధి తక్కువ." తిట్టింది, చాలాసేపు తిట్టింది. తిడుతూనే పళ్ళెంలో రెండోసారి అన్నం పెట్టింది.

అమ్మ ఉద్యోగం ఉంది. పర్మనెంటు ఊసు మాత్రం మళ్ళీ రాలేదు. పెద్దసార్ ఆవిడకి పనులు అటెండరు చేత చెప్పిస్తున్నాడు. మేడంకి చిల్లర పనులన్నీ పడ్డాయి, సెలవురోజు డ్యూటీలతో సహా.

ఆ వారం చివర్లో గట్టు మీద మళ్ళీ గడ్డి వేయడం మొదలుపెట్టారు. కంచె అవతల ఖాళీ స్థలంలోంచి గడ్డి దుబ్బులు మట్టితో తవ్వి తెచ్చి, అడ్డవరసల్లో గుంటలు తీసి నాటడం. ఎలా నాటాలో పాఠంలో ఉంది, అమ్మ చేతిలోనూ ఉంది. ఎనిమిదో తరగతి అంతా దిగింది. అరుపులు, బురద, ఒకడు జారి కింద దాకా వచ్చి 'మృత్తికా క్రమక్షయం' అని, మట్టి కొట్టుకుపోవడానికి పాఠంలో ఉన్న మాట అరిచాడు. అమ్మ కూడా నవ్వింది.

గునపం నవ్వలేదు. పై వరసలో ఒంటరిగా గుంటలు తీస్తోంది. పార దెబ్బ ఒక్కోటి ఎవరి మీదో వేసినట్టు వేస్తోంది.

మేడం కింది నుంచి వచ్చింది. చెప్పులు విప్పేసి, మొదటి ట్రేని రెండు చేతులతో పట్టుకుని, జారుతూ ఆగుతూ ఎక్కింది. గునపం పక్కకి వచ్చి నిలబడింది.

"ఇది నీ గడ్డి," అంది. "ఇక ట్రేలో ఎందుకని."

గునపం తల ఎత్తలేదు. ఆ రోజు మేడం మాట్లాడింది నిజమే. దానికి ముందు మాట్లాడనిదీ నిజమే. ఆ రెండోది ఎక్కడికీ పోలేదు, ఛాతీలో అలాగే ఉంది. ఒక్క రోజులో నలిగే రాయి కాదది.

మేడం ఒంగి, ట్రే అంచు నుంచి గడ్డిని పీకబోయింది. రెండు పరకలు తెగి చేతిలోకి వచ్చాయి.

"అలా కాదు," అంది గునపం. గొంతు కరుగ్గానే ఉంది. "పైన పట్టుకోకండి మేడం. కింద చెయ్యి పెట్టండి. వేళ్ళు తెగుతాయి."

మేడం ట్రే కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి కింది నుంచి రెండు అరచేతులూ దూర్చి, గడ్డిని మొత్తంగా పైకి లేపింది.

గునపం పక్కకి జరిగి గుంట చూపించింది.